గడపకు లోపల ఒకటి, బయట ఒకటి

“మామయ్యా, అమ్మని కిందికి దించాం.”

మా అక్కయ్య కన్నుమూసిందన్న వార్తను నా మేనల్లుడు నాకు చెప్పిన తీరు ఇది. ప్రాణం పోయే వేళ మనిషిని మంచంమీద ఉంచకూడదనీ, నేలమీద దర్భలు పరిచి పడుకోబెట్టాలనీ మా ఇళ్ళలో ఆచారం. కనుక ఆ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేకపోయింది. ప్రాతఃసంధ్య ముగించి ఉత్తరీయం సవరించుకుంటున్నవాణ్ణి, ఫోను చెవి దగ్గర ఉంచుకునే నిలబడిపోయాను. మంచం దిగవద్దు, దిగవద్దు అని నెలల తరబడి ఇంటిల్లిపాదిమీ ఆమెను బతిమాలుకున్నాము. జన్మలో ఒకరి మాట వినని మనిషి ఆ ఒక్క మాటా విన్నది. చివరికి ఆమెను మంచం దించినది మేమే.

మా ఇద్దరి ఇళ్ళూ రామచంద్రపురంలో వెనకా ముందూ వీధుల్లో ఉన్నాయి. ఆమె పెరటి గోడ దగ్గర నిలబడి కేకవేస్తే మా వసారాలో వినిపిస్తుంది. కాకినాడలో ఉద్యోగానికి రోజూ బస్సులో వెళ్ళివచ్చే కొడుకు, ఇంటిపట్టున ఉండే కోడలు, ఆమె: ఇంతే ఆ ఇల్లు. బావగారు గతించి చాలా ఏళ్ళయింది.

నాకు మొదటి పద్యం నేర్పినది అక్కయ్య. పెరట్లో పప్పు రుబ్బుతూ ఒక్కొక్క పాదమే చెప్పేది. నేను విరవకూడని చోట విరిస్తే తిట్టేది కాదు, రుబ్బడం ఆపేది. రోటి చప్పుడు ఆగిందంటే పద్యం తప్పిందని నాకు తెలిసిపోయేది. తరువాత నేను పెద్దల దగ్గర చదువుకున్నాను, కళాశాలలో పాఠాలు చెప్పాను, సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. ఆ రోలు ఆగిన నిశ్శబ్దానికి భయపడినంతగా మరే పండితుడికీ భయపడలేదు.

ఆమె మడి సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఉదయం స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరిన చీర కట్టుకున్నది మొదలు, వండిన వంట దేవుడికి నివేదన అయ్యేదాకా ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరూ అంటే ఎవరూ. కొడుకూ అంతే, నేనూ అంతే. అందులో ఒకరిని తక్కువ చూడడం గానీ, ఒకరిని ఎక్కువ చూడడం గానీ లేదు. వంట అయ్యాక వీధిలో పోయే వాళ్ళను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేది. ఆ కొద్ది గంటలు మాత్రం ఆమె, పొయ్యి, దేవుడు. మధ్యలో మరొకరికి చోటు లేదు.

మొదటిసారి పడినది కూడా ఆ మడి పనిలోనే. శ్రావణమాసపు ముసురు. మడిచీర ఎవరి చెయ్యీ అందనంత ఎత్తులో దండెంమీద కర్రతో ఆరవేస్తారు. తల పైకెత్తి, కర్ర చాచి, చీర అంచు సరిచేస్తూ నూతిగట్టు దగ్గర పాచిమీద కాలు వేసింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. ఇరుగుపొరుగు వాళ్ళు నాటుకట్టు కట్టిద్దామన్నారు. మేనల్లుడు వినకుండా కాకినాడలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. లోపల రాడ్డు వేసి, మరలు బిగించి, ఎముకను నిలబెట్టారు. ఇంటికి పంపే రోజున ఎముకల డాక్టరుగారితో ఆమె జరిపిన సంవాదం నా ఎదుటే నడిచింది.

“ఏమయ్యా డాక్టరుగారూ, నేను కింద మఠం వేసుకుని కూర్చోవచ్చా?”

“కూడదండి.”

“పోనీ పీటమీద?”

“పీట కూడా వద్దండి. కుర్చీయే.”

“మరి వంగి ముగ్గు వేసుకోవడం?”

“మామ్మగారూ, ముందు నడుద్దామండి. ముగ్గు సంగతి తరవాత చూద్దాం. వాకర్ లేకుండా మాత్రం అడుగు తియ్యకూడదు.”

“నిలబడి వంట చేసుకోవచ్చా?”

“నిలబడగలిగిన రోజున చేసుకోండి. ఎవరొద్దన్నారు?”

ఆయన చెప్పినవాటిలో ఆ చివరి మాట ఒక్కటే పట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది. మాఘమాసంలో బావగారి ఆబ్దికం వస్తుంది. ఏటేటా కొడుకు పెట్టే ఆ తద్దినానికి, పితృస్థానంలో కూర్చుని భుజించే భోక్తలకు, వంట ఆమె చేతిదే. అల్లం పచ్చడి, మిరియాల చారు, గారెలు, పరమాన్నం. ఒక్క ఏడు కూడా ఆ పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడలేదు. “మాఘానికి నిలబడతానురా” అన్నది కారులో. నడుస్తానని అనలేదు. నిలబడతానన్నది.

మండపేట దారిలో ఒక పల్లెనుంచి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి స్కూటీమీద వచ్చేది. వాళ్ళ నాన్నగారు చర్చివారి బడిలో మాస్టారుగా పనిచేశారట. ఆమె రాక అక్కయ్య స్నానానికి ముందే జరగాలన్నది మొదటిరోజే కుదిరిన ఒప్పందం. “నువ్వు ముందు నా కాళ్ళు విరుచుకో తల్లీ, తరవాత నేను స్నానం చేస్తాను” అన్నది అక్కయ్య. “విరవడానికి కాదండి మామ్మగారూ, అతికించడానికొచ్చాను” అన్నది ఆ అమ్మాయి. అప్పటినుంచి వాళ్ళిద్దరికీ పొత్తు కుదిరింది.

పడుకుని కాలు చాచి పైకెత్తి కొంతసేపు అలాగే నిలపాలి. ఆ అమ్మాయి అంకెలు లెక్కపెట్టేది. అక్కయ్యకు అది నచ్చలేదు. “సంతలో కొబ్బరికాయలు లెక్కెట్టినట్టు ఏమిటే ఇది? ఒరేయ్, పద్యం చదవరా. పద్యం అయ్యేదాకా దించను” అన్నది నాతో.

ఆ విధంగా మా వైద్యం ఛందస్సులో పడింది. కందం చిన్న పద్యం గనుక కందంతో మొదలుపెట్టాము. మొదట్లో రెండు పాదాలు నిండకుండానే మడమ మంచానికి తగిలేది. పెదవి బిగించి మళ్ళీ ఎత్తేది. క్రమంగా కందం నిండింది. తరువాత తేటగీతి. కార్తీకం వచ్చేసరికి ఉత్పలమాల. పరామర్శకు ఫోను చేసిన చుట్టాలతో “ఉత్పలమాల దాకా వచ్చానమ్మా, ఇంక శార్దూలమే” అని చెప్పేది. వాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

నేను పద్యం చదివేటప్పుడు చివరి పాదం రాగం తీస్తాను. సభల్లో అలవాటు. ఒకనాడు అలాగే తీస్తుంటే మంచంమీదనుంచి గద్దింపు వినవచ్చింది.

“ఎవరు చప్పట్లు కొడతారని సాగదీస్తావురా? ఇక్కడ కాలు పట్టుకుని చస్తున్నాను!”

“అక్కయ్యా, భావం పండాలంటే ఆ మాత్రం...”

“నీ భావం పండేలోగా నా కాలు ఎండుతుంది. ముగించు.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. “మాస్టారండీ, సీసం అంటే చాలా పెద్దదాండీ?” అని అడిగింది.

“పెద్దదే కాదు, దానికి చివర తోక కూడా ఉంటుందే. గీతమని. అదీ చదివేవరకూ దించకూడదు” అన్నది అక్కయ్య, తానే పరీక్షాధికారి అయినట్టు.

నాకు జ్వరం వచ్చి వెళ్ళలేకపోయిన ఒక ఉదయం, పద్యానికి బదులు ఆ అమ్మాయి వాళ్ళ చర్చిలో పాడుకునే కీర్తన ఒకటి పాడిందట. మర్నాడు నేను వెళ్ళగానే అక్కయ్య తీర్పు చెప్పింది. “దీని పాటకి తాళం ఉందిరా. కాలు తేలిగ్గా లేచింది. నువ్వు వారానికి రెండు రోజులు జ్వరం తెచ్చుకో.”

ఆ రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు ఉండేది. తరువాతి సంగతులు రాయవలసి వస్తున్నది గనుక, దానిని ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలిపాను.

నడక వచ్చాక అసలు చిక్కు వచ్చింది. వాకర్‌తో ఆమె మరుగుదొడ్డికి వెళ్ళేది. అదే వాకర్‌తో వంటింట్లోకి రమ్మంటే ఎలా? గడప దగ్గర దాన్ని వదిలేసి, గోడ పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. కోడలు చూసి కెవ్వుమన్నది. నన్ను పిలిపించారు. ధర్మశాస్త్రం రోగికీ వృద్ధుడికీ నియమాలను సడలించిందని, ఎక్కడెక్కడ ఎలా సడలించిందో, అక్కయ్య ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుని సవిస్తరంగా చెప్పాను. అంతా విన్నది.

“బాగా చెప్పావు. ఆ సడలించినవాళ్ళెవరైనా మన వంటింట్లోకి వచ్చి గారెలు వండుతారా?” అన్నది.

మేనల్లుడు చర్చ పెంచలేదు. ఆ శనివారం కాకినాడనుంచి మరో వాకర్ కొనితెచ్చాడు. కొత్తది. కడిగి, పసుపు రాసి, దేవుడి గదిలో ఒక పూట ఉంచి, వంటింట్లో పెట్టాడు. స్నానం కాగానే కోడలు మడితో దాన్ని గుమ్మందాకా తెచ్చి అందించేది. వంటా నివేదనా అయ్యేదాకా అదే ఆధారం. ఫిజియోథెరపీ అమ్మాయి దానికి మడి వాకర్ అని పేరు పెట్టింది. పెరటి వసారాలోకి తెరుచుకునే వంటింటి గుమ్మం దగ్గర, గడపకు లోపల ఒకటి, బయట ఒకటి, రెండూ ఎదురెదురుగా ఉండేవి. ఒకటి పొరపాటున ఇంకొకదానికి తగలకుండా అక్కయ్య తన చేత్తోనే సరిచేసుకునేది. మేమందరం ఆ ఏర్పాటు చూసి మురిసిపోయాము. ఆచారమూ నిలిచింది, ఆమె కూడా నిలబడింది.

పుష్యమాసంలో ఆమె సీసపద్యం పూర్తిచేసింది. తోకతో సహా.

ఆబ్దికం రోజున నన్నూ ఆ అమ్మాయినీ పెరటి వసారాలో కుర్చీల్లో కూర్చోబెట్టింది. “ఇవాళ నాకు పరీక్ష. దూరంగా ఉండి చూడండి” అన్నది. ఉదయంనుంచి పొయ్యి ఎదుట నిలబడే ఉన్నది. ఆమె వాకర్ వదలడం, పట్టుకోవడం, గరిటె తిప్పడం, గారె తట్టడం మాకు గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉన్నాయి. ఆ అమ్మాయి రెండుసార్లు లేచి, కూర్చోండి మామ్మగారూ, స్టూలు ఉంది కదండీ అన్నది. “భోక్తలు లేచాక” అన్నదే సమాధానం. తద్దినంనాడు అప్పటిదాకా మడి వదలదు.

వంట అయింది. పక్కగదిలో భోక్తలు కూర్చున్నారు. మేనల్లుడు కర్త గనుక అక్కడే ఉన్నాడు. కోడలు వడ్డిస్తున్నది. అప్పుడు అక్కయ్య లోపలి వాకర్‌తో మేమున్నవైపు గుమ్మం దగ్గరికి వచ్చింది. మొహమంతా చెమట. ఇంత సంతోషంగా ఉన్న ఆమె ముఖాన్ని నేను చిన్నతనంలో కూడా చూడలేదు.

“ఏమే, ఎలా ఉంది నా నిలబడడం?”

“ఫస్టు క్లాసండి మామ్మగారూ! ఇంక కూర్చోండి, మీకు దణ్ణం పెడతాను.”

లోపలినుంచి కోడలి గొంతు వినిపించింది. “అత్తయ్యగారూ, గారెలు మళ్ళీ అడుగుతున్నారండీ.”

ఆ మాటకు అక్కయ్య సగర్వంగా వెనక్కి తిరగబోయింది. తిరిగేటప్పుడు వాకర్ వదిలి ద్వారబంధం పట్టుకున్నది. చేతికి నెయ్యి ఉన్నది. చెయ్యి జారింది. తూలిన కాళ్ళు గడప దాటి మావైపు వచ్చాయి. ఆ అమ్మాయి ఒక్క అంగలో ముందుకు వచ్చి రెండు చేతులూ చాచింది. పక్కనే బయటి వాకర్ ఉన్నది. రెండూ అందేంత దూరంలోనే ఉన్నాయి. అక్కయ్య చెయ్యి వాటివైపు రానూ వచ్చింది. నేను చూశాను. వచ్చిన చెయ్యి, ఆ చేతులను చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. “వద్దు!” అన్నది ఆమె.

ఆ అమ్మాయి ఆగిపోయింది. అక్కయ్య పడిపోయింది.

తలా భుజాలూ గడపకు లోపల, కాళ్ళు గడపకు బయట. కుడి పాదం పక్కకు తిరిగిపోయి ఉన్నది. ఏమి విరిగిందో నాకు కూడా అర్థమైంది. గోడ అవతలనుంచి మేనల్లుడు, “అమ్మా, ఏమైంది?” అని కేకవేశాడు. కింద పడి ఉన్న మనిషి, వణుకు లేని గొంతుతో జవాబు చెప్పింది.

“ఏం లేదురా. గిన్నె జారింది. కానివ్వండి.”

ఆమె నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

భోజనం మధ్యలో భోక్తలు లేస్తే శ్రాద్ధం చెడుతుంది. ఆ ఇంట్లో ఆ సమయాన ఏడుపు వినిపించకూడదు, కన్నీరు రాలకూడదు. ఇవి నాకు కంఠస్థమైన నియమాలే. కోడలు గుమ్మంలోకి వచ్చి చూసి నోట కొంగు కుక్కుకున్నది. “పళ్ళెం తీసుకెళ్ళు. అడుగునున్నవి వేడిగా ఉంటాయి, అవి వెయ్యి” అన్నది అక్కయ్య. ఆ పిల్ల పళ్ళెం తీసుకుని, మొహం సరిచేసుకుని, గారెలు వడ్డించడానికి వెళ్ళింది.

నేను వంగి, శాస్త్రం ఇలాంటి వేళ మినహాయిస్తుందే అక్కయ్యా, ఎత్తనీయవే అన్నాను. కళ్ళు మూసుకుని, “మినహాయింపు నీకు కావాలిరా, నాకు కాదు. నోరు మూసుకుని కూర్చో” అన్నది.

ఆ అమ్మాయి గుసగుసగా ఫోనులో అంబులెన్సు పిలిచింది. “ఎలాగూ కదపకూడదండి మాస్టారూ, స్ట్రెచర్ వచ్చేదాకా” అని నాతో అన్నది గానీ, తాను గడప దాటాలో లేదో తెలియక నిలబడే ఉన్నది. అక్కయ్యే మళ్ళీ కళ్ళు తెరిచింది.

“కాళ్ళు గడప బయటే ఉన్నాయి కదుటే. వాటిని నువ్వు చూసుకో. తల లోపలుంది, దాని సంగతి నేను చూసుకుంటాను.”

ఆ అమ్మాయి నేలమీద కూర్చుని ఆ కాళ్ళు రెండూ కదలకుండా తన చేతుల్లో పట్టుకున్నది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. గోడ అవతల విస్తళ్ళ చప్పుడు, పురోహితుడి గొంతు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. చిన్నప్పుడు రోలు ఆగినప్పటి నిశ్శబ్దం జ్ఞాపకం వచ్చింది. ఎక్కడో ఏదో తప్పింది. ఎక్కడ తప్పిందో ఈసారి నాకు తెలియలేదు. చివరికి లోపల తృప్తులైతిరా అన్న ప్రశ్న, తృప్తులమైతిమి అన్న జవాబు వినిపించాయి. పీటలు జరిగిన చప్పుడయింది.

“ఇంక ఎత్తండర్రా” అన్నది అక్కయ్య.

కాకినాడలో ఈసారి డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, గుండె పరీక్షలు కూడా చేయించారు. గుండె బలహీనపడిందనీ, మత్తుమందుకు తట్టుకోదనీ, ఆపరేషను కుదరదనీ చెప్పారు. కాలికి బరువు కట్టి ఉంచారు. ఆసుపత్రి వరండాలో మేనల్లుడు నా పక్కన కూర్చుని చేతులు చూసుకుంటూ అన్నాడు.

“గిన్నె చప్పుడు అలా ఉండదు మామయ్యా.”

నేను వాడివైపు తిరిగాను.

“నాకు తెలుసు. తెలిసే లేవలేదు. లేస్తే అమ్మ నన్ను జన్మలో క్షమించదు. ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు.”

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఇంటికి తెచ్చాక మంచమే ఆమె లోకమయింది. కదిలితే నొప్పి. కదలకపోతే వీపున పుండు, ఛాతీలో కఫం. ఆ అమ్మాయి వస్తూనే ఉండేది, చెయ్యగలిగింది చాలా తక్కువైనా. మడమ ఆడించమనేది. చిన్న ప్లాస్టిక్ పరికరం ఒకటి నోటికి అందించి, గాలి పీల్చి అందులోని బంతులు పైకి లేపమనేది. “గారె పొంగినట్టు పొంగాలా ఇది?” అని అడిగి పీల్చేది అక్కయ్య. బంతి వణికి, పైకి లేవకుండానే ఆగేది. సీసం దాకా ఎదిగిన కాలు తిరిగి ఉత్పలమాలకు, తేటగీతికి, కందానికి దిగివచ్చింది. తరువాత కందంలో మొదటి పాదానికి. వెళ్ళిన దారినే ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే, పక్కన కూర్చుని పద్యం చదవడం తప్ప నాకు వేరే పని లేకపోయింది. చివరి పాదం సాగదీయడం మానేశాను. ఆమె అది కనిపెట్టింది. “తియ్యరా రాగం. ఇప్పుడు తొందరేముంది?” అన్నది.

ఒకనాడు నొప్పి ఎక్కువగా ఉండి ఆమె పళ్ళు బిగించుకుంటుంటే చూడలేక, దేహం అనిత్యం కదా అక్కయ్యా అని ఏదో చెప్పబోయాను.

“అది నాకు తెలుసురా. పోయేదానికి ఇంత నొప్పి ఎందుకో, అది చెప్పు.”

అంతమంది పెద్దల దగ్గర చదివిన చదువులో ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. దొరకలేదు. ఆమె కూడా దొరుకుతుందని అడగలేదనుకుంటాను.

మరొకనాడు ఆ అమ్మాయి పాదం పట్టుకుని నెమ్మదిగా వంచుతుంటే అక్కయ్య అడిగింది.

“ఏమే, ఆవేళ నీ చెయ్యి పట్టుకోలేదని కోపమా?”

“కోపమేంటండి మామ్మగారూ. నేనే ఇంకో అడుగు ముందుకేసి పట్టేసుకోవాల్సిందండి. మీరు వద్దన్నారని ఆగిపోయాను.”

“ఆగావు కాబట్టే మీ తాతగారి తద్దినం దక్కింది.”

“దానికంటే మీరు నడవడం ముఖ్యం కదండీ...”

“నీకు ముఖ్యం. నాకూ ముఖ్యమేనే. కానీ మళ్ళీ ఆ గుమ్మంలో నిలబెట్టినా పట్టుకోనేమో. ఏం చెయ్యను చెప్పు?” కొంచెంసేపు ఆయాసపడి, దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసింది. “ఇప్పుడు పట్టుకో. ఇప్పుడు మడీ లేదు, వంటా లేదు.”

ఆ అమ్మాయి పాదం వదిలి ఆ చెయ్యి పట్టుకున్నది. వ్యాయామం ఆ పూటకు అక్కడితో సరి. నేను పద్యం చదవలేదు. ఎవరూ చదవమనలేదు.

అక్కయ్య దయవల్ల నాలుగు పద్యాలు నా నాలుకమీద నిలిచాయి. ఆ నాలుక ఆమెకు అవసరమైన చోట పనికిరాలేదు. ఇది మనసులో ముల్లులా ఉన్నా, ఆమెమీద కోపం రావడంలేదు. ఆమె నమ్మినది ఆమె చేసింది. దాని బరువు ఆమే మోసింది. మమ్మల్ని పక్కన కూర్చోనిచ్చింది. ఆ మాత్రం అదృష్టానికి కృతజ్ఞుణ్ణి.

కర్మకాండలు ముగిసి ఇల్లు శుద్ధి చేసిన రోజున, మంచమూ పరుపులతో పాటు వాకర్లు రెండింటినీ పెరట్లోకి తెచ్చి కడిగారు. కడిగినవాళ్ళు చోటు కలిసివస్తుందని ఒకదాన్ని ఇంకొకదానిలోకి తోసి నూతిగట్టు పక్కన ఎండలో పెట్టారు. సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ఎవరికైనా అవసరమైతే తీసుకెళ్ళమ్మా అని మేనల్లుడన్నాడు. ఆమె వాటి దగ్గరికి వెళ్ళి, చెయ్యి ఎక్కడ వెయ్యాలో తోచనట్టు నిలబడింది.

“వీటిలో లోపలిది ఏదండీ?”

కోడలు చూసింది. నేనూ చూశాను. కడగడంలో పసుపు పోయింది. రెండూ ఒక్కలాగే మెరుస్తున్నాయి.

“తెలీడంలేదమ్మా” అన్నది కోడలు.

ఆ అమ్మాయి రేపు వస్తానని వెళ్ళిపోయింది. చినుకులు మొదలైనా వాటిని లోపల పెడదామని ఎవరమూ లేవలేదు. అన్నాళ్ళు గడపకు చెరొకవైపూ దూరంగా నిలిచినవి, ఒకదాని కాళ్ళ మధ్య ఇంకొకదాని కాళ్ళు ఇరికించుకుని, ఆ వానలో తడుస్తూ ఉన్నాయి.